వాసన చదివిన కాగితం

దురాన్ అనే ఊళ్లో రొయ్యల ప్లాంటు పొద్దున్న ఆరింటికి తెరుస్తారు. ఐదున్నరకే ఆ వీధిలో ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. నది అవతల గువయాకిల్ పట్నం జనం ఆ రొయ్యల్ని నిమ్మరసంలో నానబెట్టుకుని లొట్టలేస్తూ తింటారు గానీ, వాటి తలకాయల గుట్ట ఒక్కసారి చూస్తే సగం మంది మానేస్తారు. నలభైమంది ఆడవాళ్లు మోకాళ్లదాకా బూట్లు తొడుక్కుని, కొంకర్లు పోయిన వేళ్లతో ఆ తలలు గిల్లుతుంటారు. వాటిలోంచి కారే నారింజరంగు జిగట గోళ్ల కింద చేరి, ఎంత తోమినా పోదు.

నార్సీసా కూడా పదకొండేళ్లు అలా తలలు గిల్లింది. ఇప్పుడు ఆమె పని కాగితం. స్పెయిన్‌లోని వీగో రేవుకి ఓడలో వెళ్లే ప్రతి కంటైనరుకీ ఒక టెంపరేచరు కాగితం ఉంటుంది. గంటగంటకీ థర్మామీటరు గుచ్చి, ఎంత చల్లగా ఉందో రాసి, కింద సంతకం పెట్టాలి. ఉండాల్సింది మైనస్ పద్దెనిమిది. కాబట్టి కాఫీ తాగుతూ గళ్లన్నీ మైనస్ పద్దెనిమిదితో నింపేసి, తర్వాత తీరిగ్గా థర్మామీటరు వెతుక్కోవడం అక్కడి పద్ధతి. ఆ కాగితాన్ని ప్లాంటులోనూ ఎవరూ చదవరు, రేవులోనూ ఎవరూ చదవరు. అడుగున సంతకం ఉందా లేదా అని చూస్తారు, అంతే.

అయినా ఆ ఉద్యోగమంటే ఆడవాళ్లకి హడలు. చెడిపోయిన సరుకు అవతలి రేవు చేరి, అక్కడ కంటైనరు తలుపు తెరవగానే, ఆ కుళ్లు వాసన సముద్రం దాటి వెనక్కి వచ్చి సంతకం పెట్టిన మనిషిని పట్టుకుంటుంది. కొన్నవాళ్ల ఫిర్యాదు రావడానికి రెండు రోజులు పడుతుంది గానీ వాసనకి రెండు నిమిషాలు చాలు. నార్సీసాకి ముందు ఆ కుర్చీలో కూర్చున్న హెర్మెలిండాని నాలుగేళ్ల కిందట అలాగే పట్టుకుంది. మొగుడు వారం ఓపిక పట్టాడు. కుక్క మూడు రోజులు కూడా పట్టలేదు. బజారుకి వెళ్దామని ఆవిడ ఇప్పటికీ రోజూ బస్టాపు బెంచీ మీద కూర్చుంటుంది, బస్సు ఆగదు. జనం ఆవిణ్ణి తిట్టరు, ఏమీ అడగరు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని నిలబడతారు.

నార్సీసాకి మొగుడూ లేడు, కుక్కా లేదు. తల్లి ఉంది. షుగరుతో ఆవిడకి చూపు పోయి తొమ్మిదేళ్లయింది, మనుషుల్ని వాసనతోనే పోల్చుకుంటుంది. సాయంత్రం కూతురు గుమ్మంలో నిలబడి చేతులు చాచాలి. ముసలావిడ అరచేతులు వాసన చూసి, "సబ్బు, నిమ్మకాయ, రొయ్య. నువ్వే. చెప్పులక్కడ విడిచి రా" అంటే గానీ లోపలికి రానీదు. హెర్మెలిండాకి పట్టింది తనకీ పడితే ఆ గుమ్మం ఇక తనది కాదని నార్సీసాకి తెలుసు.

ఆ ఏడాది కరెంటు కోతలు ఊరిని కాల్చుకు తిన్నాయి. ప్లాంటుకి జనరేటరు ఉంది గానీ, అక్టోబరులో ఒక శనివారం అది కనపడలేదు. యజమాని వెల్లింగ్టన్ ప్లువాస్ దాన్ని లారీకెక్కించి ఇంటికి పట్టుకెళ్లాడు. కొడుక్కి బాప్తిస్మం, చుట్టాలకి బీరు చల్లగా ఉండాలి. నిండా సరుకున్న కంటైనరు ముప్ఫై గంటలు ఎండలో నిలబడింది.

సోమవారం నార్సీసా తలుపు తీసింది. అట్టపెట్టెలు మెత్తబడి ఒకదాని మీద ఒకటి కూలబడ్డాయి. అడుగున గులాబీరంగు నీళ్లు, వాటి మీద నురగ. చెయ్యి పెడితే రొయ్య వేళ్ల మధ్య పిండిలా చితికింది. పదకొండేళ్లు తలలు గిల్లిన మనిషి పక్కకెళ్లి భళ్లున కక్కుకుంది. థర్మామీటరు పదకొండు చూపించింది. మైనస్ లేదు.

వెల్లింగ్టన్ అరటికాయ ముద్ద నములుతూ వచ్చాడు. అందరూ అతన్ని ఇంజనీరుగారూ అంటారు. ఏం చదివాడో ఎవరికీ తెలియదు.

"ఏంటే ఆ మొహం? కరెంటు వచ్చిందిగా. రేపటికల్లా రాయిలా గడ్డకడుతుంది."

"గడ్డకడితే కుళ్లు పోతుందా, ఇంజనీరుగారూ?"

"వీగోలో వాళ్లు వేయించుకు తింటారు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేస్తే అన్నీ ఒకటే."

చెప్పి, జేబులోంచి అగ్గిపెట్టెంత డబ్బా తీశాడు. అది రికార్డరు. సరుకుతోపాటు ఉండి చల్లదనం నమోదు చేయడం దాని పని. ఆ ముప్ఫై గంటలూ అది వెల్లింగ్టన్ ఇంటి ఫ్రీజరులో ఐస్‌క్రీము డబ్బాల మధ్య హాయిగా పడుకుంది. దాన్ని పెట్టెల మీదికి విసిరి, వేళ్లు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నువ్వు సంతకం పెట్టు. నీకు కుదరదంటే ఆ కడుపుతో ఉన్న పిల్ల యహాయ్రా ఉందిగా, రెండు డాలర్లు ఎక్కువిస్తే పెడుతుంది."

నార్సీసా మధ్యాహ్నం తిండి మానేసి బస్టాపుకెళ్లి, నోటితో గాలి పీలుస్తూ హెర్మెలిండా పక్కన కూర్చుంది. నాలుగేళ్లలో ఆ బెంచీ మీద రెండో మనిషి కూర్చోవడం అదే మొదలు.

"అక్కా, ఆ రోజు కాగితంలో ఏం రాశావు?"

"ఆయన చెప్పిందే. పైనుంచి కిందదాకా మైనస్ పద్దెనిమిది."

"నిజంగా ఎంతుంది?"

"నేను చూస్తేగా! రాసింది మటుకు ఈ చెయ్యే. ఈ కంపుకన్నా నాకదే ఎక్కువ అసహ్యం." హెర్మెలిండా తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "ఇక వెళ్లు. ఎక్కువసేపు కూర్చుంటే మీ అమ్మ పోల్చుకోదు."

నార్సీసా తిరిగొచ్చి కాగితం ముందేసుకుంది. శనివారం, ఆదివారం గళ్లలో, "కరెంటు లేదు. జనరేటరు యజమాని ఇంట్లో ఉంది. కొలవలేదు" అని రాసింది. సోమవారం గడిలో, "పదకొండు. మైనస్ కాదు. రొయ్యలు చితుకుతున్నాయి. ఇవి తినకండి. పంపమన్నది వెల్లింగ్టన్ ప్లువాస్" అని రాసి, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

వెల్లింగ్టన్ అడుగున ఉన్న సంతకం చూశాడు, సిరా ఆరేలా ఊదాడు, కవరులో పెట్టాడు.

"బుద్ధిమంతురాలివి" అన్నాడు.

నిజం రాస్తే వాసన తనని వదిలేస్తుందో లేదో నార్సీసాకి తెలియదు. ఆ కాగితం మీద అంతకుముందు నిజం రాసినవాళ్లే లేరు కదా. ఓడ బయల్దేరింది. రోజూ సాయంత్రం గుమ్మంలో చేతులు చాచేటప్పుడు ఆమె కళ్లు మూసుకునేది. సబ్బు, నిమ్మకాయ, రొయ్య. ఇరవై మూడు రోజులు అలా గడిచాయి.

ఇరవై నాలుగో రోజు పొద్దున్న, వీగోలో మధ్యాహ్నమైనప్పుడు, ముసలావిడ కాఫీ తాగుతూ ఆగిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి.

"ఛీ ఛీ! ఏం కంపే ఇది?"

నార్సీసా చేతిలోంచి గరిట జారింది. చేతులు వెనక్కి దాచుకుంది.

"ఇలా రా. చేతులియ్యి."

"అమ్మా..."

"ఇయ్యమంటుంటే!"

ముసలావిడ ఆ చేతుల్ని మొహానికి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు.

"సబ్బు. ఉల్లిపాయ. నువ్వే. మరి ఆ కుళ్లు ఎవరిదే? వీధిలోంచి వస్తోంది."

గుమ్మం అవతల వెల్లింగ్టన్ ప్లువాస్ నిలబడి ఉన్నాడు. సీసాడు అత్తరు కుమ్మరించుకున్నాడేమో, దానివల్ల ఇంకా రోతగా ఉంది. డ్రైవరు నడిదారిలో కారాపి, తాళం చెవి పట్టుకుని పారిపోయాడట. మిగతా దూరం నడిచి వచ్చాడు.

"ఏం రాశావే నువ్వు?"

"చూసింది రాశాను ఇంజనీరుగారూ. మీరు చదవలేదా?"

"దాన్నెవడు చదువుతాడే!"

నిజమే, మనుషులెవరూ చదవలేదు. వాసన చదివింది. అబద్ధం కోసం ఆ కాగితమంతా వెతికి, దొరక్క, ఐస్‌క్రీము వాసన వేస్తున్న రికార్డరుని పట్టుకుని అతని ఇంటికి దారి కనుక్కుంది.

"ఇంకో కాగితం రాయి. నీకేం కావాలంటే అదిస్తాను" అన్నాడతను.

"ఆ కాగితం వీగోలో ఉంది. వెళ్లి దిద్దుకోండి."

"ఆ తలుపు ముట్టుకోకు నాయనా" అంది ముసలావిడ. "నిన్ననే కడిగించాను."

అతను బస్టాపుదాకా నడిచి, కాళ్లు పీకాయేమో, హెర్మెలిండా పక్కన కూలబడ్డాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, భుజం మీది తుండు ముక్కుకి అడ్డం పెట్టుకుని బెంచీ ఆ చివరికి జరిగింది.

పనికి బయల్దేరిన నార్సీసా అక్కడికి చేరేసరికి బస్సు వచ్చింది. ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చి, మొహం చిట్లించాడు.

"ఆయనొద్దు. నువ్వెక్కు అక్కా" అన్నాడు హెర్మెలిండాతో. "తొందరగా ఎక్కు, నాకు డోకొస్తోంది."

ఆవిడకి తననే అంటున్నాడని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నార్సీసా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. ఆవిడ నాలుగేళ్ల కంపు కూడా అసలు మనిషిని వెతుక్కుంటూ పోయిందో, ఆ పెద్ద కంపు ముందు ఇది తేలిపోయిందో, ఎవరూ అడగలేదు. పక్క సీటులో ఉన్నావిడ సంచీ ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది.

బస్సు కదిలింది. హెర్మెలిండా అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, తల వంచి తన చేతిని వాసన చూసుకుంది. చెమట వాసన తప్ప ఏమీ లేదు.