కత్తెర ఎవరి చేతికి

నా కొడుకు భానుచందర్ ఒక గొడవలో మనిషి తల పగలగొట్టి జైలుకు వెళ్ళాడు. వెళ్ళేనాటికి వాడికి చొక్కా గుండీ కుట్టుకోవడం కూడా రాదు. మేం సిరిసిల్ల నేతవాళ్ళం. దారం మా ఇంటి వస్తువే అయినా వాడు ఎన్నడూ ముట్టలేదు. లోపల మాత్రం కుట్టుపని నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ ఇచ్చి పంపించారు. దాన్ని ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచాను. పైన జైలు పేరు ఉంది.

పంజాగుట్ట సందులో టైలర్ షాపు పెట్టుకున్న ఎల్లేశం మా ఊరివాడే. వాణ్ణి బతిమాలాను.

“ఒక్క దినం సూస్తనక్కా. చెయ్యి మంచిగుంటే ఉంచుకుంట. గిరాకి భయపడితే మాత్రం నన్ను తిట్టకు.”

“భయపడెతందుకు వాడేమన్న పులా?”

“పులి అయితే ఫికర్ లేకుండె. సూడనీకి టికెట్ పెడుదు.”

ఆ ఒక్క రోజు వచ్చింది. పొద్దున చెప్పులు వేసుకుంటూ భాను అన్నాడు. “ఈడ కుదరకపోతే భీవండి పోతనవ్వా. ఆడ మగ్గాల కాడ నువ్వెవలని ఎవలడుగరు.”

వాళ్ళ నాయన కూడా బొంబాయి పక్కనున్న ఆ భీవండికే మగ్గాల పనికి వెళ్ళాడు. వెళ్ళేరోజు పక్కబట్టల మూటకు కట్టిన తాడు కొస కోయడానికి కత్తెర అడిగితే చేతికిచ్చాను. “కత్తెర చేతికియ్యకు, కింద పెట్టు, మనుషులు ఇడిపోతరు” అని మా అత్త అరిచేలోపే ఆయన అందుకున్నాడు. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత అవీ లేవు. అప్పటినుంచీ మా ఇంట్లో కత్తెర నేల మీద పెట్టాల్సిందే, కావలసినవాళ్ళు తీసుకోవాల్సిందే.

అమీర్‌పేటలో మా గది చుట్టూ హాస్టళ్ళు. వాటిలో ఉండే ఆడపిల్లల చీరలకు ఫాల్ కుడతాను. సాయంత్రమైంది, క్లాసులు వదిలారు, సందు నిండా పిల్లలు. భాను రాలేదు. దీపం పెట్టాను. రాలేదు. గిరాకీలు ఎవరైనా ఏదైనా అన్నారేమో, ఇటు రాకుండా అటే స్టేషన్‌కు వెళ్ళిపోయాడేమో. వాడికింకా ఫోన్ లేదు. ఎల్లేశానికి చేశాను.

“రాలేదా? నేను మీ మరదల్ని తీస్కొని బల్కంపేట ఎల్లమ్మ గుడికొచ్చిన. పనయినంక షట్టర్ దించి పొమ్మన్న. పక్క చాయ్ దుకాణంల తాళం ఇయ్యమన్న.” ఫోన్లో స్కూటర్ తాళాల చప్పుడు. “షాపు మొత్తం వాని మీదనే ఇడిసొచ్చినక్కా. వస్తున్న ఉండు.”

నేను ఉండలేదు. షేర్ ఆటో ఎక్కాను. ట్రాఫిక్ కదలదు, నా మోకాళ్ళు మడతపడవు. సందు మొదట్లో దిగి చూస్తే షాపులో లైటు వెలుగుతోంది.

భాను లోపలే ఉన్నాడు. నేల ఊడ్చి ఉంది. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. బల్ల పక్కన నిటారుగా నిలబడి, రెండు అరచేతుల్లో కత్తెర పట్టుకుని ఉన్నాడు.

“ఇంటికి రాకుండ ఇదేందిరా?”

“మామ రాలే.”

“పొమ్మన్నడట గదా!”

“కత్తెర ఎవలకియ్యాలె?”

“బల్ల మీద పెట్టి రా.”

పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి కత్తెర తీసుకున్నాడు.

“జైల్ల పనయినంక సారు చేతికియ్యాలె అవ్వా. తీసుకున్న అంటడు. అప్పుడే బయటికి పోయే లైన్ల నిలబడనిస్తరు. బల్ల మీద ఇడిస్తే దాసిపెట్టినవని పట్టుకుంటరు.” నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. “ఇది జైలు కాదని ఎర్కనే. కాళ్ళే కదులుతలేవు. చాయ్ దుకాణపాయన సుత ఎన్కకెళ్ళి నవ్విండు. నాతోని కాదు. భీవండి పోత.”

కత్తెర వైపు చూశాను. మా అత్త అరుపు మళ్ళీ వినిపించింది. వాణ్ణి చూశాను. ఎప్పటినుంచి అలా నిలబడ్డాడో, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

చెయ్యి చాచాను. “తే.”

వాడు ఆశ్చర్యపోయాడు. “నీ చేతికా?”

“ఇయ్యిరా, నిలబడలేకపోతున్న.”

ఇచ్చాడు. ఇనుము వెచ్చగా ఉంది.

“తీసుకున్న” అన్నాను.

వాడి భుజాలు కిందికి జారాయి. బయటికొచ్చి తనే షట్టర్ దించాడు.

అప్పుడే స్కూటర్ మీద ఎల్లేశం వచ్చాడు. నుదుట పసుపు, కుంకుమ. “అక్కా, నా కత్తెర ఏడికి తీస్కపోతున్నవే?”

జరిగింది చెప్పాను. రేపటి నుంచి పని అయ్యాక దాన్ని నువ్వే చేతికి తీసుకోవాలని, తీసుకున్నానని చెప్పాలని చెప్పాను.

“కత్తెర చేతికిస్తే ఇడిపోతరని ఊరంతటికి చెప్పిందే నువ్వు!”

“చెప్పిన. ఇప్పుడు తీస్కోమంటున్న.”

వాడు నన్నూ, భానునూ చూశాడు. స్కూటర్‌కు స్టాండు వేసి షట్టర్ సగం ఎత్తి లోపల వేలాడుతున్న జాకెట్టును లైటు కింద తిప్పి చూశాడు. “చంక కాడ మస్తు కుట్టిండు” అని గొణిగాడు. వచ్చి నా చేతిలోంచి కత్తెర అందుకున్నాడు. “తీసుకున్నరా, అల్లుడా. ఇగ పో.”

“పొద్దుగాల ఎవలిస్తరు మామా?”

“నేనే ఇస్త. జర జల్ది రా. మంజూష మేడమ్ జాకెట్లు రేపే ఇయ్యాలె.”

ఆటోలో భీవండి మాట వాడు ఎత్తలేదు. నేనూ అడగలేదు. నా ఎదురుగా కూర్చుని తల వేలాడేసి నిద్రపోయాడు. నేను మాత్రం కత్తెర అందుకున్న అరచేతిని కొంగుతో తుడుచుకుంటూనే ఉన్నాను. ఆటో ఆగినప్పుడల్లా వాడు ఉన్నాడా అని చూశాను.