బుడ్డోడి నెత్తి మీద రంగు

బోర్డు ఆటలో బొమ్మను పీట పట్టుకుని ఎత్తాలి. ఇది మా ఇంట్లో చట్టం. ప్రతి పావు కాళ్ళ కింద చిన్న గుండ్రటి పీట ఉంటుంది, అది ఉన్నదే పట్టుకోవడానికి. నెత్తి పట్టుకుంటే వేలి జిడ్డుకు రంగు లేచిపోతుంది. ఈ మాట మా ఆయనకు పెళ్ళైన నాటి నుంచీ చెబుతూనే వచ్చాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. తన వంతు వస్తే చాలు, తన పావైన లాంతరు బుడ్డోడిని నెత్తి దగ్గర దొరకబుచ్చుకుని, బొటనవేలితో రుద్దుతూ ఆలోచించేవాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఆయన ఆట, సోమవారం నాకు మరమ్మతు.

పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి పంపే చోట నేను రంగులు కలుపుతాను. పగలంతా పళ్ళు, సాయంత్రం బొమ్మలు. గోరంత ముఖంలో కనుగుడ్డు దిద్దేటప్పుడు ఎవరైనా పలకరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆట పెట్టెలోని ప్లాస్టిక్ బొమ్మలన్నిటికీ నేనే రంగులేశాను. చిత్తడి నేల దాటి అందరూ కోట తలుపు చేరాలి, అదే ఆట. గొడ్డలి పట్టుకున్న ఆడమనిషి నా పావు. మంత్రగత్తెను మా అత్తయ్య అడిగి మరీ తీసుకుంది.

"కోడలు మనసులో అనుకునేది ఎలాగూ అదేగా, పైకే ఉంటే పోలా?" అంది.

మా ఆయన సరుకుల ఓడలో ఇంజను మెకానిక్. వానలు మొదలయ్యే ముందు ఆ ఓడ మునిగిపోయింది. కొందరు దొరికారు, ఆయన దొరకలేదు. కంపెనీ వాళ్ళు ఫోను చేసి ఆచూకీ లేదన్నారు. "ఆచూకీ లేదంటే పోయినట్టు కాదు," అంది అత్తయ్య. ఇక ఆ మాట మీదే ఉండిపోయింది. కొడుకు చొక్కాలు ఇస్త్రీ చేయించి బీరువాలో సర్దేది. ఆదివారం బోర్డు పరిచి, బుడ్డోడిని కూడా నిలబెట్టి, కొడుకు బదులు తనే పాచికలు వేసేది. తీరా తలుపు దాకా వచ్చాక, ఒక్క గడి దూరంలో వాణ్ణి వెనక్కి తిప్పేది. లాంతరు రానిదే తలుపు తెరుచుకోదు గనక మా ఆట ఎన్నటికీ తెమిలేది కాదు.

"ఇదెక్కడి ఆట అత్తయ్యా?" అంటే, "వాడికేం తొందర?" అనేది.

నేను ఎదురు చెప్పలేదు. ఆ నమ్మకం తీసేస్తే ఆవిడ ఎలా బతుకుతుందో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే, నేనెలా బతుకుతానో కూడా తెలియదు.

ఒక సోమవారం చూస్తే బుడ్డోడి నెత్తి మీద రంగు లేదు. బూడిద రంగు ప్లాస్టిక్ బయటపడి ఉంది.

"మీరు నెత్తి పట్టుకున్నారా అత్తయ్యా?"

"నా వేళ్ళకంత భాగ్యం కూడానా? పాచికలే పట్టలేక దొర్లిస్తున్నాను. ఏం, రంగు పోయిందా?"

"లేదు, ఊరికే అడిగాను."

ఆవిడ చెప్పింది నిజమే. కీళ్ళ నొప్పులతో వేళ్ళు వంకర్లు పోయాయి, పావును పీట దగ్గర తోస్తుందే తప్ప ఎత్తదు. నేను రంగు వేసి, పైన వార్నిష్ కూడా పట్టించి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలోనే ఉంది. ఆదివారం ఆట అయ్యాక మళ్ళీ నా చేత్తోనే లోపల పెట్టాను. మర్నాడు పని నుంచి వచ్చి తీస్తే నెత్తి మళ్ళీ బోడి. అరిగిన చోట నా బొటనవేలు ఆనించి చూశాను. నా వేలు ఆనిన మేర కన్నా మచ్చ పెద్దది, ఆయన బొటనవేలికైతే సరిగ్గా సరిపోతుంది.

తడి కుంచెతో నెత్తి తుడిచాను. కుంచె మొనను పెదాలతో సరిచేసుకోవడం నాకున్న చెడ్డ అలవాటు. అలాగే చేశాను. ఉప్పగా తగిలింది.

భయం వేసింది. దాని వెనకే సిగ్గులేని సంతోషం కూడా వచ్చింది. ఆయన వస్తున్నాడు. కానీ బతికి ఉన్నవాడి చేయి అంత దూరం నుంచి తాళం వేసిన బీరువాలోకి రాదు కదా. అత్తయ్య ఆ మచ్చ చూసిందంటే సంగతి అర్థమైపోతుంది. అందుకే ప్రతి సోమవారం రంగు వేస్తూ వచ్చాను.

పూత మీద పూత పడితే ముఖం పూడుకుపోతుందని కొత్తగా కుంచె పట్టినవాళ్ళకు కూడా తెలుసు. నాకు తెలియక కాదు. నుదుటి రంగు కనుబొమల మీదికి జారింది. కళ్ళ గుంటలు నిండాయి. బుగ్గలు లావెక్కి ముక్కు వాటిలో కలిసిపోయింది. మందులో నానబెడితే పాత పూతలన్నీ ఊడి వస్తాయి. కానీ ఆయన వేలు తగిలిన రంగును కడిగి పారబోయడానికి నాకు చేతులు రాలేదు. చివరికి, ఇంకొక్క పూత వేస్తే ముఖమే ఉండదనే దాకా వచ్చింది. ఆ వారం వేయలేదు.

"బుడ్డోడు కనబడటం లేదు, మనిద్దరమే ఆడదాం," అన్నాను ఆదివారం.

"ఎలా ఉంటే అలా తీసుకురా," అంది అత్తయ్య.

తెచ్చి బోర్డు మీద పెట్టాను. ఆవిడ వంకర వేలితో ఆ నెత్తిని తాకింది.

"ఇంకా తడిగానే ఉన్నాడే," అంది. గొంతులో ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసా?"

"వారం వారం వాడి ముఖం నీళ్ళలో నానినట్టు ఉబ్బుతుంటే కన్నతల్లికి కనబడదా?"

"మరి ఆ చొక్కాలు?"

"అవి నువ్వు చూసి ధైర్యంగా ఉంటావని. వెనక్కి తిప్పింది మాత్రం నా కోసం. ఆట అయిపోతే మళ్ళీ రాడేమోనని." పాచికలు నా వైపు దొర్లించింది. "పాపమే అమ్మాయ్. ఎన్నాళ్ళని తడిలో నిలబెడతాం? లోపలికి పంపిద్దాం. నువ్వే జరుపు. ఈ ఒక్కసారికి నెత్తి పట్టుకో."

తలుపుకు ఒక్క గడే ఉంది. నెత్తి మీద వేలు వేశాను, చల్లగా తగిలింది. ఎత్తబోతే రాలేదు. అటు నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగిసింది.

"వదలండి, రంగు పోతుంది," అన్నాను. ఎప్పుడూ కసిరే గొంతుతోనే అన్నాను.

వచ్చింది. తలుపు గడిలో పెట్టాను. అత్తయ్య మంత్రగత్తెను, నా గొడ్డలి మనిషిని కూడా పక్కకు తోసి, బోర్డు మడిచేసింది.

ఆ వారమే బొమ్మను మందులో నానబెట్టాను. పాత ముఖం బయటికి వచ్చింది. కళ్ళు, కనుబొమలు, జుట్టు అన్నీ మొదటి నుంచి దిద్దాను. వార్నిష్ కావాలనే వేయలేదు. ఆదివారం కొత్త ఆట పరిచి, వాణ్ణి వాడి చోట నిలబెట్టాం.

సోమవారం బీరువా తెరిచి తీశాను. రంగు చెక్కుచెదరలేదు.

"ఎలా ఉన్నాడే?" అంది అత్తయ్య వంటగదిలోంచి.

"బాగున్నాడు అత్తయ్యా," అన్నాను. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.