విశ్వకర్మ పూజకు విప్పిన తాళ్ళు

మా ఆఫీసరంత బుర్రలేని మనిషిని నా సర్వీసులో ఇంకొకణ్ణి చూడలేదు. భుజాల మీద నక్షత్రాలు మాత్రం తళతళలాడుతుండేవి. హెలికాప్టర్ల పక్కన పదేళ్ళు తిరిగి, వాటి ముందు నిలబడి ఫోటో దిగడం తప్ప ఏమీ నేర్చుకోలేదు మహానుభావుడు.

డెబ్భై నాలుగులో సర్వే పని మీద పటాలం హెలికాప్టర్లు రెండు, సాలూరు కొండలకి అవతల, పొట్టంగి దగ్గర మైదానంలో దిగాయి. నేను వాటికి సివిలియన్ మెకానిక్కుని. కాపురం సునాబెడలో, ఉద్యోగం గుడారంలో. నా కింద అసిరయ్య అనే ఖలాసీ ఉండేవాడు, బొబ్బిలి వైపు మనిషి. పదకొండేళ్ళుగా దినకూలీ మీద ఆ క్యాంపుల వెంట తిరుగుతున్నాడు. ఆ నెలాఖరుకి అతన్ని పర్మనెంటు చేస్తూ ఆర్డరు రావాలి. వస్తే పొట్టంగిలో ఒక గది అద్దెకు తీసుకుని పెళ్ళాం పాపాయమ్మని తెచ్చుకుంటానని రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు.

హెలికాప్టరు ఎగిరేటప్పుడు గాలికి అంతగా భయపడదు. నిలబెట్టినప్పుడే దానికి గండం. పొడుగాటి రెక్కలు వాలిపోయి ఉంటాయి. గాలొచ్చి వాటిని లేపి కింద పడేసిందంటే తన తోకని తనే నరుక్కుంటుంది. అందుకే ప్రతి రెక్క చివరా గుడ్డ తొడుగు వేసి, తాడుతో నేలలో దిగ్గొట్టిన మేకుకి కట్టాలి. ఆ పని అసిరయ్యది. అతను వేసిన ముడిని నేను ఏనాడూ రెండోసారి చూసుకోలేదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ వైపు ఆ రోజు యంత్రాలన్నిటికీ దేవుడికి చేసినట్టు పూజ చేస్తారు, సైకిలుక్కూడా బొట్టు పెడతారు. మా ఆఫీసరు భార్య కొబ్బరికాయ కొట్టడానికి కోరాపుట్ నుంచి జీపులో దిగింది. హెలికాప్టర్ల చుట్టూ ఓసారి తిరిగి, పూజ పూటా దేవుణ్ణి పశువుని కట్టినట్టు కట్టేశారేమిటని మొహం చిట్లించింది. ఆవిడ మొహం చిట్లిస్తే మా వీరుడికి కాళ్ళు వణుకుతాయి. వెంటనే నన్ను పిలిచి తాళ్ళు విప్పించెయ్యమన్నాడు. బంతిపూల దండలు వెయ్యాలట, ఫోటో తియ్యాలట.

నేను కాదనాలి. అనలేదు. వెళ్ళి అసిరయ్యకి చెప్పాను.

అతను తూర్పు కొండ మీది మబ్బుకేసి చూశాడు. "గాలొస్తాది బాబూ. ఇప్పమంటే ఇప్పుతాను గానీ, ఇది మంచిది కాదు," అన్నాడు. నాకు తెలుసురా, విప్పు అన్నాను. విప్పాడు.

కాయలు కొట్టారు, ఫోటోలు దిగారు, భోజనాల గుడారంలో చేరి కిచిడీ, కూరగాయలేసిన పప్పు డాల్మా మీద పడ్డారు. అసిరయ్య రెండుసార్లొచ్చి తాళ్ళు కట్టీమంటావా అని నన్నడిగాడు. నేను ఆఫీసరు దగ్గరికి వెళ్ళి అడిగాను. అతను పాయసం గ్లాసు దించకుండా, ఆవిడ వెళ్ళేదాకా ఆగమని చేత్తో సైగ చేశాడు. ఆ చేతిని ఇప్పటికీ విరిచెయ్యాలనిపిస్తుంది.

మూడు గంటలకి కొండ దిగిన గాలి మైదానాన్ని ఊడ్చి పారేసింది. మేం పరిగెత్తేసరికి మొదటిదాని రెక్క లేచి పడి తోకని సగానికి చీల్చేసింది. రెండోదాని రెక్కలు రెండు వంగిపోయాయి. అసిరయ్య ఒక్కడే దాని మూడో రెక్కకి తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. ఆఫీసరు జీపులో కూర్చుని పరదాలు దించుకున్నాడు.

వారం తిరక్కుండా విచారణకి ముగ్గురు పెద్దలు దిగారు. విచారణా నా బొందా! గాలి దెబ్బ గురించి అడిగినదానికంటే బిస్కెట్లు ఇంకా ఉన్నాయా అని ఎక్కువసార్లు అడిగారు. తాళ్ళు రూలు ప్రకారం కట్టి ఉన్నాయనే అనుకున్నానన్నాడు మా ఆఫీసరు. ఫోటోల రీలు వెలుగు తగిలి పాడైపోయిందట. ముగ్గురూ తలలూపారు.

తర్వాత అసిరయ్యని పిలిచారు. పది నిమిషాల్లో బయటికొచ్చి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. నా పేరు చెప్పేసుంటాడనుకున్నాను. విప్పమన్నది నా నోరే కదా. అతని మీద కోపం వచ్చింది, సిగ్గులేని కోపం.

నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. తాళ్ళు విప్పింది ఎవరు?

"అసిరయ్య," అన్నాను.

ఎవరు విప్పమన్నారని వాళ్ళడగలేదు. నేను చెప్పనూ లేదు. ఆఫీసరు నాకేసి చూసి చిన్నగా తలాడించాడు, మంచి కుక్కని మెచ్చుకున్నట్టు. సంతకం పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే అసిరయ్య గేటు పాసు అప్పజెప్పి, రేకు పెట్టె పట్టుకుని నా గుడారానికొచ్చాడు. పనిలోంచి తీసేశారు. పర్మనెంటు ఆర్డరు ఆఫీసుకి వచ్చే ఉందట, చింపేశారని గుమాస్తా చెప్పాడట. తిడతాడని లేచి నిలబడ్డాను.

"నీ పేరు సెప్పనేదు బాబూ," అన్నాడు. "ఎవులు ఇప్పమన్నారని మూడు తడవలడిగేరు. ఎవులూ సెప్పనేదు, పూజ గదాని నానే ఇప్పేసేననీసేను. ముగ్గురాడపిల్లలు నీకు. నీ పేరు సెప్తే నిన్నూ తీసేద్దురు."

అతను పెట్టె భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"నిన్నేటడిగేరు బాబూ?"

"ఏమీ అడగలేదు," అన్నాను.

"పోన్లే," అని సాలూరు బస్సుకోసం రోడ్డు మీదికి నడిచాడు.