కోర్వ వాగులో చేపల్లేవు

కోర్వ వాగులో చేపల్లేవని ఊరంతా ఒక్కమాటగా చెప్పింది. దాంతో కొంప మునిగింది.

అడగడానికి వచ్చినామె పేరు లోత్తా, దక్షిణాన దూరపు పట్నం మనిషి. సముద్రం నుంచి ఏటికి ఎదురీదొచ్చి గుడ్లు పెట్టే సాల్మన్లు పెద్ద ఆనకట్ట కట్టిన నాటినుంచి ఆగిపోయాయి. వాటిని మళ్ళీ ఏట్లోకి రప్పించాలని మునిసిపాలిటీ పూనుకుంది. ఆనకట్టకు దిగువన పట్టి, నీళ్ళ ట్యాంకు బండిలో ఎక్కించి, ఎగువన వదులుతారు. సరే, వదిలినవి గుడ్లు పెట్టుకోవడానికి చిన్న వాగులు కావాలి కదా. ఏ వాగులో చేపలు బతుకుతున్నాయో తేలితే, ఆ వాగుకు అడ్డంగా ఉన్న పాత కట్టలన్నీ తీసేస్తారు. అందుకని లోత్తా ఇంటింటికీ తిరిగి, "కోర్వ వాగులో చేపలున్నాయా?" అని అడిగింది.

ఆ ఊళ్ళో చేప అంటే సాల్మన్ ఒక్కటే. మిగతావాటిని వాటి వాటి పేర్లతోనే పిలుస్తారు. వాగులో తిరిగే చుక్కల ట్రౌటు పేరు తమ్ముక్క. దాన్ని చేప అనడం కోడిని పట్టుకుని ఆవు అన్నట్టు. లోత్తా వచ్చేసరికి, వాగు ఏట్లో కలిసే చోట ఉండే సిర్కా ఇంట్లో పొయ్యి మీద, పొద్దున్నే వాగులో పట్టిన తమ్ముక్కలు వెన్నలో చిటపటలాడుతున్నాయి.

"చేపలా? మా అమ్మ పెళ్ళప్పుడు చూశారంట. అంతే," అంది సిర్కా, పెనంలో తమ్ముక్కను తిరగేస్తూ.

లోత్తా పెట్టినవి తిని, బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళింది. అవి అంగట్లో కొన్నవనుకుంది. అలా కోర్వ వాగు లెక్కలోంచి పోయింది.

పనికిరాని వాగును ఇంకోలా వాడదామనుకున్నారు. అడవిలో కొట్టిన దుంగలను నీళ్ళలో తోలే రోజుల్లో కట్టిన కొయ్యకట్ట ఒకటి వాగు మీద ఇంకా ఉంది. దాని ఒక కొస సిర్కా పెరటి గట్టు మీదే ఆనుకుని ఉంది. మునిసిపాలిటీ పెద్ద ఓస్మో ఏలకుల బన్నులు పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"నీ గట్టు మాకియ్యి సిర్కా. కొయ్య తీసి కాంక్రీటు పోస్తాం. వెనకాల చెరువు. పెంపుడు ట్రౌట్లు తెచ్చి వదిలామంటే గాలాలోళ్ళు కార్లేసుకుని వస్తారు. పర్మిట్లు అమ్మేదీ నువ్వే, కాఫీ కాచేదీ నువ్వే. నెలనెలా జీతం."

"చలికాలంలోనూ?"

"మంచుకి బెజ్జం పెట్టి మరీ గాలం వేస్తారు, ఆ పిచ్చోళ్ళు. నీకెందుకు?"

సిర్కా బడిలో వంటమనిషిగా చేసేది. పిల్లలు లేక బడి మూతపడింది. అప్పట్నుంచి ఒకరింట్లో ఊడ్చి, ఒకరి బెర్రీలు ఏరి నెట్టుకొస్తోంది. ఊరు వదిలి పోదామా అని బస్సు వేళలు కూడా కనుక్కుంది. ఇక ఆలోచించడానికి ఏముంది?

"యుహన్నుస్ పండగ వెళ్ళాక వచ్చి సంతకం పెడతాను," అంది.

యుహన్నుస్ అంటే నడివేసవి పండగ. అది దగ్గరపడింది కాబట్టి నీడలు వచ్చాయి. ఏటా వచ్చేవే. చేపలు ఆగిపోయాయి గానీ వాటి నీడలు ఒక్క ఏడూ మానలేదు. ఎండ ఏ పక్కనున్నా సరే, ఏటి ఒడ్డు ఇళ్ళ గోడల మీదుగా నడుమెత్తున బారులు తీరి ఎగువకు పోతాయి. ఆ రోజుల్లో గోడలకు ఎవరూ నిచ్చెనలు ఆనించరు. పోస్టు బండి దారిమధ్యలో ఆగి, అవి దాటిపోయాకే కదులుతుంది.

"ఈ ఏడు భలే ఉన్నాయి చూడు," అన్నాడు పక్కింటి ఔలిస్. కుర్రతనంలో ఏట్లో దుంగలు తోలిన మనిషి.

"మరి? గోడకు రంగేశాను. అందుకే తేటగా కనబడుతున్నాయి."

"నీ రంగు మొహం. చేపలు గొప్పవి."

నీడలు ఎప్పుడూ ఏటి వెంటే పోయేవి. వాగు మొగకు వచ్చినా అటు తిరిగేవి కావు. ఆ మధ్యాహ్నం తిరిగాయి.

సిర్కా కాఫీ పోసుకుంటోంది. వంటగదిలో పొద్దుగూకినట్టు చీకటి కమ్మింది. తలెత్తి చూస్తే, వాగు వైపు గోడ నిండా నీడలు. ఒక్కోటి బల్లంత పొడుగు. ఒకదాని మీంచి ఒకటి, గోడ చాలక పైకప్పు మీదికీ పాకాయి. చప్పుడు లేదు. తడి రాళ్ళ వాసన మాత్రం గది నిండా లేచింది. కప్పులో కాఫీ వాటి వైపుకే ఒరిగి నిలబడింది.

కిటికీ పక్కన, బయట కొయ్యకట్ట ఎంత ఎత్తుందో సరిగ్గా అంత ఎత్తుకు ఎగిరి, అక్కడ కొట్టుకుని కిందపడుతున్నాయి. మళ్ళీ ఎగురుతున్నాయి. వాటిలో పెద్దదొకటి ఎగరడం మాని కిందికి జారింది. పక్కకు ఒరిగి తోకతో సున్నపు గోడను గీరసాగింది, కంకర తవ్వి గుడ్లకు చోటు చేసుకునే తల్లిచేపలా. తవ్విన కొద్దీ గోడ నున్నగానే ఉంది. అయినా అది ఆపలేదు.

సిర్కా వెళ్ళి దాని మీద అరచెయ్యి పెట్టింది. గోడ మంచులా చల్లగా ఉంది. లోపల ఏదో కొట్టుకుంటోంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఔలిస్ ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో టోపీ చేతబట్టుకుని నిలబడ్డాడు. చర్చిలో కూడా టోపీ తీయని మనిషి.

"పాపం, ఎప్పుడో పోయినవి. ఇంకా దారి వెతుక్కుంటున్నాయి," అంది సిర్కా, గొంతు తగ్గించి.

"పోయినవని నీకెవరు చెప్పారు?"

"నీడలేగా మిగిలింది."

"నీడ వెనకాలే రావాలని ఏమన్నా ఉందా పిల్లా? ఎండ వీపున కొడుతుంటే నీడే ముందు నడుస్తుంది. మనిషి ఆ తరవాత వస్తాడు."

కాఫీ చల్లారిపోయేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. చివరికి నీడలు ఒక్కొక్కటే వెనుదిరిగి ఏటి వైపు పోయాయి. పెద్దది అన్నిటికన్నా చివర వెళ్ళింది.

పండగ అయ్యాక ఆమె మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది. ఓస్మో కలం తీసి ఇవ్వబోయాడు.

"గట్టు ఇవ్వను," అంది.

"ఇదేంటి? వాగులో చేపల్లేవని నీ నోటితో నువ్వేగా చెప్పావు!"

"లేవు. వస్తున్నాయి."

ఓస్మో కూడా ఆ ఊళ్ళో పుట్టినవాడే. కలం బల్ల మీద పెట్టాడు.

"మీ ఇంటికొచ్చాయా?"

"వంటగదిలోకే."

"మరి ఉద్యోగం? నీకు చూపించడానికి నా దగ్గర ఇంకోటి లేదు, సిర్కా."

"తెలుసు. ఆ లోత్తాను మళ్ళీ రమ్మను. ఈసారి తమ్ముక్కలున్నాయా అని అడగమను."

లోత్తా వచ్చింది, అడిగింది, నోరు వెళ్ళబెట్టింది, వాగును మళ్ళీ లెక్కలో రాసుకుంది. ఆకులు పండి పసుపెక్కే వేళకు కొయ్యకట్టను పలక పలకగా ఊడదీశారు. వాగు కొత్త గొంతుతో మోగుతూ కిందికి ఉరికింది. సిర్కా పక్క పట్నం ఆసుపత్రిలో నేల తుడిచే పనికి కుదిరింది. తెల్లారకముందే బస్సెక్కాలి, చీకటి పడ్డాక దిగాలి. కాళ్ళు వాస్తున్నాయి.

వాగులోకి చేపలింకా రాలేదు. చెరువు మాట చచ్చిపోలేదని, జీతం పెంచుతామని, ఓస్మో వసంతంలో మళ్ళీ బన్నులు పట్టుకుని వచ్చాడు. సిర్కా కాఫీ పోసింది, బన్ను తింది, గట్టు ఇవ్వనంది. మరుసటేడు కూడా అతనొచ్చాడు. అప్పుడూ ఇవ్వలేదు.