గంగుబాయి తేలు

పొద్దున చాయ్ తాగగానే గంగుబాయి కోడలి ముందు కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. "సూడు సుమా, ఇయ్యాల తేలు ఏడుంది?" అని అడుగుతుంది. సుమలత అత్త చీర మోకాళ్ల దాకా జరిపి వెతుకుతుంది. తేలు ఒకరోజు కుడి మోకాలి చిప్ప మీద ఉంటుంది, ఒకరోజు పిక్క వెనక దాక్కుంటుంది. అది ఎక్కడుంటే నొప్పి అక్కడ. అక్కడ నువ్వుల నూనె పోసి రుద్ది, చేతులు సబ్బుతో కడుక్కుని, నానిన తునికాకు కట్ట విప్పి చాట ముందేసుకుని సుమలత బీడీలకు కూర్చుంటుంది. నిజామాబాదులో వాళ్ల గల్లీ అంతా ఆ వేళకు కత్తెర చప్పుడే.

గంగుబాయికి ఆ తేలు పన్నెండో ఏట పొడిచిన పచ్చబొట్టు. బోధన్ పక్కన చెరుకు నరకడానికి పోయినప్పుడు, దెగ్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె గట్టు మీద కూర్చోబెట్టి ముంజేతి మీద పొడిచింది. పెళ్లయ్యేదాకా తేలు బుద్ధిగా అక్కడే ఉంది. మొదటి కాన్పు నాడు నడుముకు దిగింది, ఆ తర్వాత ఒకచోట నిలిస్తే ఒట్టు. నాట్లప్పుడు నడుము. పళ్లు కదిలిన ఏడాది దవడ. భర్త లింగం పోయాక నెల రోజులు గుండె మీది నుంచి కదల్లేదు. మోకాళ్ల డాక్టరు కూడా ముందు "తేలు ఎక్కడమ్మా?" అని అడిగి, ఆ తర్వాతే ఎక్స్‌రే చూస్తాడు.

రెండేళ్ల కింద సుమలతకు ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి గడ్డతో పాటు చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసేశారు. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఈ ఎడమ చేతికి ఎవరినీ సూది పొడవనివ్వకు. బీపీ పట్టా కూడా కట్టనివ్వకు. చెయ్యి ఉబ్బిందంటే మళ్లీ తగ్గడం కష్టం."

ఉబ్బడమంటే ఏమిటో సుమలతకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎదురింటి భూమవ్వకు ఇదే ఆపరేషన్ అయింది. జ్వరమొచ్చి సోయి తప్పినప్పుడు ఎవరో ఆ చేతికే సెలైన్ ఎక్కించారు. ఇప్పుడా చెయ్యి సొరకాయంత ఉంది. బీడీకి ఆకు పట్టేది ఎడమ చెయ్యే. భూమవ్వ చేతిలో ఆకు నిలవదు. పొద్దంతా గడప మీద కూర్చుని ఎవరు ఎన్ని కట్టలు చుట్టారో చూస్తుంటుంది. సుమలత తలెత్తితే భూమవ్వే కనిపిస్తుంది, అందుకని ఆమె తలెత్తడం తగ్గించింది.

"సోయి ఉంటె నేనే చెప్త. సోయి తప్పితె ఎవలు చెప్తరు?" అన్నది సుమలత భయం.

డిగ్రీ చదివే కూతురు శృతి, ఈ చేతికి సూది వద్దని రాసున్న ఒక రబ్బరు పట్టీ కొనుక్కొచ్చి వేసింది. తడి ఆకుకూ తంబాకుకూ అది నెల తిరక్కుండా తెగింది. ఎర్ర రిబ్బను కట్టుకుంటే, స్కానింగు దగ్గర గాజులతో పాటు దాన్నీ విప్పించి ఎక్కడో పారేశారు. అప్పుడు సుమలతకు తట్టింది. ఒంటి మీద ఏమున్నా తీసేస్తారు. పచ్చబొట్టు మాత్రం ఎవరూ తీయలేరు.

"సూది వద్దని సూదితోని పొడిపిచ్చుకుంటవా?" అని భర్త భూమేష్ నవ్వాడు. ఆటో తోలేవాడు కదా, దారి లేనిచోట మలుపు కనిపెడతాడు. నవ్వడం అయ్యాక అతనూ తల గోక్కున్నాడు, దీనికి మాత్రం మలుపు దొరకలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఎడమ చేతికి వద్దే వద్దని, కుడి చేతికైతే కొత్త సూదితో వేయించుకోవచ్చని అన్నది. గల్లీ చివరి డాక్టరు అంత భయం అవసరం లేదని ఈమధ్య అంటున్నారన్నాడు, అని, అయినా వేయించుకోవద్దన్నాడు. ఫోనులో ఒక వీడియో ఏ చేతికీ వద్దంది, ఇంకోటి ఏ చేతికైనా సరేనంది. శృతి అన్నీ చదివి, "అందరు చెప్పింది కరెక్టే అమ్మా" అని లేచిపోయింది. సుమలతకు ఎవరి మాట పట్టుకోవాలో తెలియక, ఆ రోజు చుట్టిన బీడీలు సగం వదులుగా వచ్చాయి.

చిక్కు విప్పింది గంగుబాయే. "గింత దానికి గంత పరేషాన్ దేనికే? కుడి చేతికి పొడిపిచ్చుకో. అదే నడిసి ఎడమ చేతికి పోతది."

ఇంట్లో అందరికీ ఇది నచ్చింది. ఇంత సులువు ముందే ఎందుకు తట్టలేదా అని భూమేష్ ఆశ్చర్యపోయాడు కూడా.

బస్టాండు దగ్గర పచ్చబొట్ల దుకాణం ప్రేమ్‌ది. కేరళ నర్సులకూ మరాఠీ నర్సులకూ కూడా తెలియాలని సుమలత అక్షరాలు వద్దంది, ఒక ఇంజక్షన్ సూది బొమ్మ వేసి దాని మీద అడ్డంగా రెండు గీతలు కొట్టమంది. ఎందుకు కుడి చేతికో కూడా చెప్పింది. ప్రేమ్ కొత్త సూది కవరు ఆమె ముందే చింపాడు.

"గీత కరాబ్ గాదక్కా, గ్యారంటీ. నడుసుడు మాత్రం నా చేతిల లేదు. ఒక అన్నకు ఈపు మీద పులినేసిన. గది కడుపు మీదికొచ్చి పండుకుంది. నన్నొచ్చి అడుగుతడు."

నాలుగో రోజుకు బొమ్మ మణికట్టు నుంచి మోచేతికి పాకింది. వారానికి భుజమెక్కింది. ఇంట్లో సేమ్యా పాయసం వండారు. కానీ మర్నాడు అది గొంతు మీద ఉంది. చుట్టిన బీడీలు ఇవ్వడానికి పోతే, గొంతులో సూది వద్దంటున్నావా అని కార్ఖానాలో అందరూ ఆటపట్టించారు. తర్వాత కడుపు మీదికి పోయింది. తలనొప్పి వచ్చిన రోజు కణత మీద కూర్చుంది. ఆపరేషన్ కుట్ల దాకా మూడుసార్లు వచ్చింది, వచ్చి, అంచున నిలబడి, వాన నీళ్లు చూసిన మేకలాగా వెనక్కి మళ్లింది. సుమలత బతిమిలాడింది, కోప్పడింది. అద్దం ముందు నిలబడి ఎడమ చెయ్యి చాపి ఇదిగో ఇటు రా అని పిలిచింది కూడా. ఆమె ఏం తప్పు చేసిందో ఆమెకే అర్థం కాలేదు.

ఒక పొద్దున నూనె రాయించుకుంటూ గంగుబాయి కోడలి ఎడమ చేతిని పట్టుకుంది.

"ఇది నొస్తదా?"

"నొయ్యది అత్తమ్మ. ఏం తెల్వది. సంకకెల్లి వేళ్ల దాక మొద్దు. కండ్లతోని సూసుకుంట ఆకు పట్టుకుంట."

"ఆపరేషన్ కాడికెల్లా? నాకెన్నడు చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? గా చెయ్యి నాది కాదనిపిస్తది. పక్కింటోల్లది అడుక్కొచ్చుకున్నట్టుంటది."

అని సుమలత ఏడ్చింది. రెండేళ్లలో ఆమె దీనికోసం ఏడవడం అదే మొదలు. సూది బొమ్మ కడుపు మీది నుంచి గొంతుకు పాకింది.

గంగుబాయి దాన్నే చూస్తూ, "నొప్పి లేని కాడికి గదెట్ల పోతది పిల్లా? దానికి తొవ్వ తెల్వది," అన్నది.

ఫాల్గుణంలో ఎడపల్లిలో గంగుబాయి తమ్ముడి మనవడి తొట్టెల పండగ వచ్చింది. రెండు రోజులుగా ఒళ్లు కాగుతున్నా సుమలత ఎవరికీ చెప్పలేదు. ఆకు కత్తిరిస్తూ కుడి బొటనవేలు కోసుకుంది కూడా. అత్తాకోడళ్లు పండగలో తిని, అటు నుంచి గంగుబాయి చిన్ననాటి స్నేహితురాలిని చూడ్డానికి బోధన్ పోయారు. చెరుకు లారీల మధ్య బస్సు దిగి నాలుగడుగులు వేయగానే సుమలత కూలబడింది. పిలిస్తే పలకలేదు. ఎవరో ఆటోలో వేసి దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి చేర్చారు. భూమేష్‌కు ఫోన్ చేస్తే నిజామాబాదు నుంచి గంటలో వస్తానన్నాడు.

నర్సు సవిత మంచిపిల్ల. సెలైన్ సీసా తగిలించి, కుడి చెయ్యి తిప్పి చూసి ఆగింది. కోసుకున్న వేలి నొప్పికని దిగొచ్చి బొమ్మ ఆ రోజు మణికట్టు మీదే ఉంది. మంచి పని, ముందే వేయించుకున్నారు అనుకుని, మంచం అటువైపు పోయి ఎడమ జబ్బకు రబ్బరు పట్టీ బిగించింది.

"ఆ చేతికి కాదు బిడ్డా. దానికే వద్దు," అన్నది గంగుబాయి.

"బొమ్మ గా కుడి చేతికుంది గదా అవ్వా."

"అది తప్పిపోయింది. ఇటు రావాలె, తొవ్వ దొరకలె."

సవితకు ఆ మాట వింతగా తోచలేదు. పచ్చబొట్లు దారి తప్పడం ఆమె చూసిందే. కానీ మంచం కాళ్ల దగ్గర నిలబడిన ముసలామెకు గాబరాలో కుడి ఎడమలు కలిసిపోయాయి. ఎడమ అంటూ ఒకసారి ఇటు చూపింది, ఒకసారి అటు చూపింది. బొమ్మను నమ్మాలా, అవ్వను నమ్మాలా? డాక్టరు పక్కగదిలో కాన్పు చేస్తున్నాడు. బీపీ పడిపోతోంది. "ఆపరేషన్ ఏ పక్క?" అని సవిత జాకెట్టు జరిపి చూడబోయేలోగా పక్కగది నుంచి కేక వచ్చింది, లైను పెట్టేసి తొందరగా రమ్మని. సవిత బొమ్మనే నమ్మింది. స్పిరిటు దూదితో ఎడమ మోచేతి మడతలో తుడిచింది.

"నువ్వు బయట కూసో అవ్వా."

గంగుబాయి బయటికి పోలేదు. గడప మీద కూర్చున్న భూమవ్వ ఆమె కళ్ల ముందు కదిలింది. కోడలి ఎడమ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆమెకు ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

ముసలామె జాకెట్టు చేతి కిందనుంచి తేలు బయటికొచ్చింది. మోకాలి నుంచి ఎప్పుడు బయల్దేరిందో ఎవరూ చూడలేదు. ముడతల మీద ఎక్కుతూ దిగుతూ మణికట్టుకు వచ్చింది, గోళ్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, సుమలత అరచేతిలోకి అడుగుపెట్టింది. అరవై ఏళ్లుగా గంగుబాయికి నొప్పి ఉన్నచోటికే పోయింది అది. ఆ రోజూ అక్కడికే పోయింది. మోచేతి మడతలో, దూది తడి ఆరని నరం మీద, కొండి పైకెత్తి కూర్చుంది.

సవిత సూదిని వెనక్కి తీసుకుంది. "తేలున్న కాడ నేను పొడువనవ్వా," అని పట్టీ విప్పింది. మంచం ఇటువైపు తిరిగొచ్చి కుడి చేతికి, కొట్టేసిన సూది బొమ్మ పక్కనే, సెలైన్ పెట్టింది. భూమేష్ వచ్చేసరికి సీసా సగమైంది, సుమలత కళ్లు తెరిచింది.

నాలుగు రోజులకు ఇంటికొచ్చారు. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే సన్నగా ఉంది. పొద్దున చాయ్ తాగి గంగుబాయి అలవాటుగా కాళ్లు చాపింది. సుమలత నూనె గిన్నె పట్టుకుని రెండు మోకాళ్లూ వెతికి, గుర్తొచ్చి ఆగింది.

"ఏడ నొస్తుందత్తమ్మా?"

ఈ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గంగుబాయి మోకాలు తడుముకుంది. "ఈడనా... కాదు, ఆడనేమో. ఏమో పిల్లా, అన్నీ గదే చెప్తుండె." ఖాళీ ముంజేతి వంక చూసుకుంది. "మా అవ్వ చెప్తుండె, సచ్చినంక ముక్కుపుల్ల సుత గుంజుకుంటరు, పచ్చబొట్టొక్కటే ఎంబడి వస్తదని. ఇగ నేను ఒట్టిగ పోవుడే."

"నీది నువ్వు తీస్కో," అని సుమలత తన ఎడమ మోచేతిని అత్త చేతికి ఆనించింది. తేలు కదల్లేదు, కాళ్లు కాస్త సర్దుకుని ఇంకా గట్టిగా కూర్చుంది. ఆ సర్దుకోవడం సుమలతకు తెలిసింది. కళ్లు మూసుకుంది. సన్నగా దురద. చూడకుండానే తేలు ఎక్కడుందో చెప్పగలదు. ఆ చెయ్యి ఆమెదే.

ఆమె కళ్లు తుడుచుకుని కుడి చేతిలో నూనె పోసుకుని అత్త మోకాలు పట్టుకుంది. రుద్దుతుంటే మణికట్టు మీది సూది బొమ్మ వేళ్ల మీదుగా జారి మోకాలి మీదికి దిగింది. చిప్ప చుట్టూ ఒకసారి తిరిగి లోపలి వైపు ఆగింది.

"గాడనే," అన్నది గంగుబాయి. "గాడనే నొస్తుంది."

తర్వాతి సోమవారం మోకాళ్ల డాక్టరు ఇంజక్షన్ నింపుకుని వచ్చి, తేలు ఎక్కడమ్మా అని అడగబోయి, మోకాలు చూశాడు. ఇంజక్షన్ పక్కన పెట్టేసి గోలీలు రాశాడు. భూమేష్ ఆటోలో ఇంటికొస్తూ గంగుబాయి చీర కొంచెం జరిపి బొమ్మను చూసుకుంది.

"నా ఎంబడి గిదొస్తది," అన్నది కోడలితో. "మంచిదే. ఆడ సుత నాకు ఎవ్వడు సూది పొడువడు."