కర్రల కుప్ప

డిసెంబరు మొదటి గురువారం సాయంత్రం ఎల్మ్‌రిడ్జ్ పేట సంఘం సమావేశంలో మేవిస్ ఒలీనిక్ లేచి, పద్నాలుగు చలికాలాలుగా తాను కంటికి రెప్పలా చూసుకుంటున్న ఐసు స్కేటింగ్ రింకు మీద తానే ఫిర్యాదు చేసింది.

"చుట్టూ ఉన్న చెక్క పలకల గోడ పుచ్చిపోయింది. మొన్న ఒక పిల్ల కోటు మేకుకు తగులుకుని చిరిగింది. ఇంకోసారి చిరిగేది చర్మమే. పలకలు పీకెయ్యాలి. కొత్త గోడ రాకపోతే జనవరి నుంచి ఐసు హాకీ ఆపెయ్యాలి. గోడ లేకపోతే ఆడే రబ్బరు బిళ్ళ వెళ్ళి పక్కన స్కేటింగ్ నేర్చుకునే పసివాళ్ళ కాళ్ళకు తగుల్తుంది."

ఎవరూ ఎదురు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ఎడ్మంటన్ సిటీ బస్సు నడిపిన మనిషి బ్రేకు పట్టడం లేదని సరదాకి అనదని అందరికీ తెలుసు. అధ్యక్షురాలు ఆ మాటనే తీర్మానంగా చదివింది. మేవిస్ కూర్చుంది. ఆట ఆగిపోతే ఆమె ఆదివారాలు ఆగిపోతాయి. ఆమెవే కాదు, ఆ హాలులో కూర్చున్న సగం మందివి.

ఆ రింకు ఏ వ్యాపారిదీ కాదు. నేల, నీళ్ళు నగరానివి. మిగిలినదంతా పేటవాళ్ళ రెక్కల కష్టం. నేల గడ్డకట్టగానే గొట్టం పట్టుకుని పొర మీద పొరగా నీళ్ళు చల్లేది వాళ్ళే. మంచు కురిసిన ప్రతి ఉదయమూ పారలతో ఊడ్చేది వాళ్ళే. వసంతంలో అదంతా కరిగి మురుగుకాలువలో కలిసిపోతుంటే గట్టున నిలబడి కాఫీ తాగుతూ చూసేదీ వాళ్ళే.

వెనక వరుసలో బ్రెంట్ హాల్డర్సన్ లేచాడు. నలభై దాటిన మనిషి. ఈ వీధిలోనే పెరిగి, ఊరి చివర కలప అడితి పెట్టి బాగా స్థిరపడ్డాడు.

"మిసెస్ ఒలీనిక్, పలకలు నేనిస్తాను. మేకులు, పనివాళ్ళు, అంతా నాదే. క్రిస్మస్ లోపల గోడ నిలబెట్టిస్తాను. నాకు ఒక్కటే కావాలి. ఆదివారం మధ్యాహ్నాలు మా అడితి జట్టు సాధనకు వదిలెయ్యండి."

మేవిస్‌కు గుండె మీది బరువు దిగినట్టయింది. తెలియకుండానే తల ఊపేసింది. పక్కనే ఉన్న ఆల్ఫాన్స్ కార్డినల్ ఆ ఊపును చూశాడు. డెబ్బై ఏళ్ళ క్రీ ఆదివాసీ తెగ పెద్దమనిషి, మోకాళ్ళు అరిగిపోయి, గోల్ ముందు స్తంభంలా నిలబడటం తప్ప వేరే ఆట ఆడలేనివాడు.

"ఊపింది చాల్లే," అన్నాడు మెల్లిగా. "మెడ పట్టేస్తుంది."

"మరి గోడ నువ్వు కడతావా?"

"నేనే గోడ. పదేళ్ళ నుంచి చూడ్డం లేదూ?"

ముందు వరుసలో మారివిక్ దుమ్లావ్ చెయ్యెత్తింది. వృద్ధాశ్రమంలో నర్సు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి మూడేళ్ళయింది. అక్కడ ఆమె చూసిన ఐసల్లా గ్లాసులోదే.

"ఆదివారం మధ్యాహ్నం అందరి ఆట కదండీ?"

"శనివారం ఆడుకోవచ్చుగా," అన్నాడు బ్రెంట్, మర్యాదగానే.

"శనివారం నాకు డ్యూటీ. మా వీధిలో చాలామందికి డ్యూటీ. ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇక్కడికే వస్తాం."

హాలులో గుసగుసలు లేచాయి. బ్రెంట్ అడిగింది అన్యాయమని అనడానికీ లేదు, న్యాయమని ఒప్పుకోవడానికీ మనసు రాదు. చివరికి మేవిస్సే అంది: "ఈ ఆదివారం మీ జట్టుతో వచ్చి మాతో ఆడు, బ్రెంట్. ఆట అయ్యాక ఇక్కడే ఓటు వేద్దాం."

"తప్పకుండా," అన్నాడతను.

ఆదివారం ఆటకు జట్లను ఎంచే నాయకుడు ఎవడూ ఉండడు. వచ్చినవాళ్ళందరూ తమ హాకీ కర్రలను రింకు నడుమ కుప్పగా పడేస్తారు. ఒకరు ఆ కుప్ప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఉన్ని టోపీని కళ్ళ మీదికి లాక్కుని, చేతికి అందిన కర్రనల్లా ఒకటి ఎడమకు, ఒకటి కుడికి విసురుతారు. ఎవరి కర్ర ఏ పక్క పడితే వాళ్ళు ఆ పక్క. ఎవరు మొదలుపెట్టారో తెలియని ఆచారం. ఎల్మ్‌రిడ్జ్‌లో మాత్రం ఆ విసిరే పని మేవిస్‌ది.

ఆమె చేతిలో ఏదో మహిమ ఉందని, జట్లు తూచినట్టు సమంగా వస్తాయని పేటలో ఒక నమ్మకం. మేవిస్‌కు ఆ నమ్మకం లేదు. సమంగా వచ్చిన ఆదివారాలను జనం గుర్తుపెట్టుకుంటారు, రానివాటిని మరిచిపోతారు. మహిమలు చాలావరకు అలాగే పుడతాయి. ఒక పక్క మరీ చిత్తుగా ఓడిపోతుంటే ఆట ఆపి కర్రలను మళ్ళీ కుప్ప పోస్తారు, అసలు రహస్యం అంతే. మూసిన కన్ను ఒంటిరంగును చూడదు, వయసును చూడదు, నేర్పును చూడదు. పొరపాటు జరిగితే దిద్దుకునే దారి తెరిచే ఉంటుంది. మనుషులు కనిపెట్టుకున్న ఏర్పాట్లలో ఇంతకంటే నిజాయితీ గలవి ఎక్కువ లేవు.

ఆదివారం నాడు ఎండ తెల్లగా కాసింది. చలి ముక్కులో వెంట్రుకలను గడ్డకట్టించేటంత ఉంది. బ్రెంట్ మనుషులు ఎనిమిది మంది ఒకే రకం ఎర్ర చొక్కాలు తొడుక్కుని వచ్చారు. ఐసు మీద వాళ్ళు తిరుగుతుంటే మేవిస్‌కు కూడా ముచ్చటేసింది. వంపు తిరిగేటప్పుడు వాళ్ళ స్కేట్ల అంచులు పట్టుచీర చింపినట్టు చప్పుడు చేస్తున్నాయి. మారివిక్ మాత్రం గోడ పట్టుకుని నడుస్తోంది.

"గోడను వదులమ్మా, అది ఎటూ పోయేదే!" అని అరిచాడు ఆల్ఫాన్స్.

"మీరు గోల్ వదలండి, నేను గోడ వదుల్తాను, లోలో!" అందామె. లోలో అంటే వాళ్ళ భాషలో తాత. ఆ పిలుపుకు ఆల్ఫాన్స్ పైకి విసుక్కుంటాడు గాని, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడతనికి వెలితిగా ఉంటుంది.

"కర్రలు!" అని కేక వేసింది మేవిస్. మోకాళ్ళ మీద కూర్చుని టోపీని గడ్డం దాకా లాక్కుంది.

ఇక ఆమెకు చెవులే కళ్ళు. చెక్క కర్రలు ఒకదాని మీద ఒకటి టకటకా పడ్డాయి. నవ్వులు, తోపులాట, ఎవరో జారిపడ్డ చప్పుడు. ఆ తర్వాత సద్దు మణిగింది. మణగవలసినదానికన్నా ఎక్కువ మణిగింది.

"అందరివీ పడ్డాయా?"

బ్రెంట్ గొంతు వినిపించింది, ఆమెకు బాగా దగ్గరగా, పైనుంచి.

"మేం ఎనిమిదిమందిమీ ఒక పక్క ఉంటాం, మిసెస్ ఒలీనిక్. మిగతావాళ్ళవి మీరు విసరండి. కలిసి ఆడకపోతే మాకిది సాధన ఎలా అవుతుంది?"

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించింది ఆమెకు. వెంటనే, అతను అడిగింది అంత వింతేమీ కాదని కూడా తోచింది. టోపీ లోపల ఆమె ఊపిరే ఆమె ముఖానికి వెచ్చగా తగులుతోంది. అవునంటే క్రిస్మస్‌కు గోడ లేస్తుంది. కాదంటే జనవరిలో గొట్టం చుట్టేసి హాలు గోడకు తగిలించాలి. తానే పెట్టించిన తీర్మానం, తానే కాదనలేదు. టోపీ తీసి అతని ముఖం చూస్తే మొహమాటానికి లొంగిపోతానని ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఇతన్ని రోజూ బస్సులో బడి దగ్గర దింపింది.

టోపీ తియ్యలేదు.

"కర్ర కుప్పలో లేనివాళ్ళు ఆడరు, బ్రెంట్."

"గోడ సంగతి గుర్తుందా మీకు?"

"గుర్తుంది. గోడ ఇవ్వడం ఇవ్వకపోవడం నీ ఇష్టం. అది నీ సొమ్ము. కానీ కుప్ప నీదీ కాదు, నాదీ కాదు. నేను ఉత్తి చెయ్యిని మాత్రమే."

ఆమె మోకాళ్ళలోకి చలి ఎక్కుతోంది. తర్వాత స్కేట్ల చప్పుడు వినిపించింది, దూరమవుతూ. ఒకరు, ఇద్దరు, ఇంకా కొందరు. గేటు కిర్రుమంది. ఆ చప్పుడుతో తన రింకు కూడా బయటికి నడిచిపోయిందనుకుంది మేవిస్. సరే, ఈ ఒక్క ఆదివారమైనా సవ్యంగా జరగాలి. కుప్ప మీదికి చెయ్యి చాచింది.

అప్పుడు ఆమె వేళ్ళ పక్కనే ఒక కర్ర పడింది. చెక్క చప్పుడు కాదు, సన్నగా మోగే చప్పుడు. ఖరీదైన కర్ర. వెనకే ఇంకొకటి. ఇంకొకటి.

"ఏమనుకోకండి, మేడం," అంది ఒక కుర్ర గొంతు. "నా పేరు డెవిన్. ఇంత దూరం వచ్చి ఆడకుండా పోవడం నావల్ల కాదు. మా యజమాని తిడితే రేపు తిడతాడు."

"ఇవాళ నేను తిడతాను, పద," అన్నాడు ఆల్ఫాన్స్.

ఆ ఆటలో ఎర్ర చొక్కాలు రెండు ఒక పక్క, ఒకటి ఇంకో పక్క పడ్డాయి. డెవిన్, మారివిక్ ఒకే జట్టు. అతను బిళ్ళను ఆమెకు మెత్తగా, పసివాడికి బంతి దొర్లించినట్టు అందించడం చూసి "నేనేం గాజుబొమ్మను కాదు, గట్టిగా కొట్టు!" అని ఆమె కసిరింది. అతను గట్టిగా కొట్టాడు. ఆమె పడింది. లేచి, "అదీ!" అంది.

ఆట అయ్యాక హాలులో ఓటుకు పెట్టారు. బ్రెంట్ రాలేదు. ఒక్క చెయ్యి కూడా అతని షరతుకు లేవలేదు. ఆ మాట ఫోనులో చెప్పింది మేవిస్సే.

"సరే, మిసెస్ ఒలీనిక్. పలకలు ఇవ్వలేను, ఏమనుకోకండి. పీకేసిన పాతవి మాత్రం నా లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. దానికి షరతేమీ లేదు."

"మీ అమ్మ పెంపకం," అంది మేవిస్. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

తర్వాత హాలులో అందరూ సూపు గిన్నెల ముందు కూర్చున్నారు. గౌరవం నిలిచింది, గోడ మిగల్లేదు.

"నిన్న నా కారు బంపరు ఊడింది," అన్నాడు ఆల్ఫాన్స్, ఎవరూ అడక్కుండానే. "మంచు తోసే బండి మా ఇంటి ముందు వదిలిన గట్టు లేదూ, దానికి తగిలి. పార వేస్తే పార వంగుతోంది. ఆ గట్టుతో కడితే మిలటరీ కోట లేస్తుంది."

కొందరు నవ్వారు. మారివిక్ నవ్వలేదు.

"అయితే కడదాం," అంది. "మంచు ఇక్కడ ఊరికే పడుంటుంది కదా, ఆటే?" ఆటే అంటే అక్క, మేవిస్‌ను ఆమె మొదటి రోజు నుంచీ అలాగే పిలుస్తుంది.

మేవిస్ చెంచా కింద పెట్టింది. ఐసు నేల పొర మీద పొరగా లేచినప్పుడు గోడ ఎందుకు లేవదు?

మర్నాడు పేట మొత్తం పారలతో దిగింది. పాత పలకలు పీకేసి, మంచును నడుమెత్తు గట్టుగా పోసి, బాల్చీలతో నీళ్ళు గుమ్మరించి, విజయం సాధించినట్టు ఇళ్ళకు పోయారు. పొద్దున్నే ఆల్ఫాన్స్ వచ్చి, ఎలా ఉందో చూద్దామని గోడకు ఆనుకున్నాడు. గోడలోంచి అవతలికి వెళ్ళిపోయాడు. పైన అప్పడమంత పెచ్చు, లోపలంతా పొడిమంచు.

"నేనే గోడనని చెప్పాను కదా," అన్నాడు వెల్లకిలా పడుకుని. "రెండో గోడను ఒప్పుకోను."

తప్పు ఎక్కడుందో ముక్కలు విరిచి చూస్తే అర్థమైంది. ఒకేసారి పోసిన నీళ్ళు పైపైనే గడ్డకట్టి, లోపలికి దారి మూసేశాయి. గట్టును పడగొట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మంచునీ నీళ్ళనీ తొట్టిలో జావలా కలిపి, జానెడు మందం పరిచి, కాళ్ళతో తొక్కి, అది రాయిలా బిగిసేదాకా ఆగి, అప్పుడే పై వరస వేశారు. తొందరపడేవాళ్ళ మీద మేవిస్ కేకలు వేసింది. చర్చి నుంచి వచ్చినవాళ్ళు, డ్యూటీ దిగినవాళ్ళు, ఎన్నడూ స్కేట్లు తొడగనివాళ్ళు, పాలకోసం బజారుకు బయల్దేరి దారిలో ఆగిపోయినవాళ్ళు తలా ఒక వరస వేశారు. డెవిన్ ఎర్ర చొక్కా మీదే కోటు వేసుకుని వచ్చాడు. గోడ నడుమెత్తే గనుక, బిళ్ళను నేల విడిచి లేపకూడదనే నిబంధన ఒకటి పెట్టుకున్నారు.

నూతన సంవత్సరానికి ముందు అధ్యక్షురాలు పరీక్షకు వచ్చింది. గోడ వెంట చేతితో తడుముతూ చుట్టూ తిరిగింది. మేకు లేదు, పెచ్చు లేదు. ఒకచోట ఆగి బూటుతో బలంగా తన్నింది. తర్వాత నొప్పికి ఒంటికాలి మీద నిలబడి, ముఖం కందగడ్డలా చేసుకుని, "ఆదివారం ఆట ఉంది," అంది.

జనవరి మధ్యలో రైలు పట్టాల అవతలి పేట నుంచి కొందరు వచ్చారు. వాళ్ళ పలకలూ పుచ్చిపోయాయట. ఎల్మ్‌రిడ్జ్‌లో మంచుతో గోడ కట్టారని విన్నారట. మేవిస్ చెప్పబోయి ఆగింది. మారివిక్ అప్పటికే వాళ్ళను గోడ దగ్గరికి తీసుకుపోతోంది. ఐసు మీద ఏ ఆధారమూ పట్టుకోకుండా వెనక్కి నడుస్తోంది.

"మార్చిలో కరిగిపోదూ?" అని అడిగాడు వాళ్ళలో ఒక పెద్దాయన.

"పోతుంది. మళ్ళీ కడతాం," అంది మారివిక్, సూర్యుడు రేపు లేస్తాడా అని అడిగినవాడికి జవాబు చెప్పినట్టు. "ముందు మేం చేసిన తప్పు చెప్తాను, వినండి. అక్కణ్ణుంచి మొదలెడితే మీకు ఒక రోజు కలిసొస్తుంది."

"అది చెప్పాల్సింది నేను," అని అరిచాడు గోల్ దగ్గర్నుంచి ఆల్ఫాన్స్. "పడింది నేను!"

మేవిస్ చేతులు కట్టుకుని, తల కాస్త పైకెత్తుకుని నిలబడి వింటోంది.