సందుగాష్ తెచ్చిన సర్కిత్

ఏడాదిన్నరగా కురలై తెల్లవారుజామున ఐదింటికే లేస్తోంది. పిల్లాడికి జావ కాచి, అత్తగారికి అప్పజెప్పి, మొదటి బస్సులో అల్మాటీ నడిబొడ్డునున్న తన బ్యాంకుకు చేరి, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా క్యాంటీన్ కిటికీ పక్కన చదువుకుంటుంది. పగలంతా బ్యాంకుది, సాయంత్రం ఇంటిది. ఆ రెండు గంటలే తనవి. ఈ వేసవిలో పై విభాగంలో ఒక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆర్థిక విశ్లేషకుల పరీక్ష గట్టెక్కినవాళ్ళకే అది.

ఆర్నెల్ల కిందట ఆ రెండు గంటల్లోకి సందుగాష్ వచ్చి కూర్చుంది. పక్క సీటావిడ, నలభై ఏడేళ్ళది.

"నువ్వు పైకి చదువు చెల్లీ, నేను ఊరికే వింటా. ఈ వయసులో నాకెందుకమ్మా పరీక్షలు?" అనేది. రోజూ పాల చాయ్ తెచ్చేది. కురలై వెర్రిబాగుల్ది, ప్రతి పాఠమూ విడమరిచి చెప్పింది. నోటుపుస్తకాలు కూడా ఇంటికిచ్చి పంపింది.

శనివారం పరీక్షనగా, బుధవారం సందుగాష్ కళ్ళనీళ్ళతో వచ్చింది.

"షిమ్‌కెంట్‌లో మా చెల్లెలి కూతుర్ని అత్తారింటికి పంపుతున్నారే. ఈ శనివారమే. ఆడిటర్లొచ్చే ఆ రోజే నాకు డ్యూటీ పడి చచ్చింది. పెద్దమ్మ లేకుండా పిల్లనెలా సాగనంపుతారు? నా బదులు నువ్వు కూర్చోవూ?"

"ఆ రోజు నాకు పరీక్ష కదక్కా."

"పరీక్ష ఆర్నెల్లకు మళ్ళీ వస్తుంది. ఆ పిల్ల పెళ్ళి మళ్ళీ వస్తుందా? కుర్చీ సంగతి మేనేజరుతో నేను మాట్లాడతాలే."

పెళ్ళికి వెళ్ళేవాళ్ళకు అడ్డుపడినదాన్ని అక్కడెవరూ క్షమించరు. కురలై పరీక్ష వాయిదా వేసుకుని శనివారం ఆడిటర్ల ముందు కూర్చుంది.

సోమవారం సందుగాష్ సర్కిత్ సంచీ తెచ్చిచ్చింది. విందుకు రాలేనివాళ్ళకు ఆ బల్ల మీది తిండి కొంత మూటగట్టి తేవడం రివాజు. కురలై సంతోషంగానే విప్పింది. లోపల అన్నీ ఒకే రకం చాక్లెట్లు, కాగితం నలగనివి. నిజం సర్కిత్‌లో పది రకాలు కలిసిపోతాయి, నూనెలో వేయించిన బావర్సాక్ పిండిముక్కలు, ఎండు ఆప్రికాట్లు ఒకదానికొకటి అంటుకుని వస్తాయి. ఇవి కొట్లో తూకం వేయించినవి.

కురలై ఒక చాక్లెట్ తిప్పి చూసి పక్కన పెట్టింది. పెళ్ళి సంగతులేవీ అడగలేదు.

"పరీక్షలో బాండ్ల లెక్కలు కష్టంగా ఇచ్చారా అక్కా?"

"అబ్బే, నువ్వు చెప్పినవే..." సందుగాష్ అక్కడితో ఆగిపోయింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ కురలై బతుకు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"అడిగితే ఇద్దరం కలిసి రాసేవాళ్ళం కదా?"

"ఇద్దరం రాస్తే కుర్చీ నీకే వచ్చేది చెల్లీ. నీకింకా వయసుంది. నాకిదే ఆఖరిది."

కురలై చాక్లెట్లన్నీ సంచీలో వేసి, మూతి కట్టి, ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"సర్కిత్ వద్దనకూడదు. కానీ నేను వెళ్ళలేకపోయింది పెళ్ళికి కాదక్కా, పరీక్షకు. అక్కణ్ణుంచి నాకేం తెచ్చావు?"